పొద్దెక్కాక రెండు రకాతులు

గరివిడి ఫ్యాక్టరీ గేటుకి ఎదురుగా, రేకుల పాకలో కుల్సుంబీ ఇడ్లీలు వెయ్యబట్టి పదహారేళ్ళయింది. మొగుడు ఖాసిం లారీ మీంచి జారిపడి నడుం విరగ్గొట్టుకున్న ఏడాది ఆ పాక వేసింది. అతను మూడేళ్ళు మంచంలో ఉండి కన్నుమూశాడు. పాక మిగిలింది, ముసలి అత్త హాజరాబీ మిగిలింది. పాకని ఆనుకునే ఇల్లు. గోడ అవతలి వాటాలో మరిది మౌలాలి, అతని పెళ్ళాం సఫియా ఉండేవారు.

ఆరింటికి రాత్రి షిఫ్టు వాళ్ళు దిగి, పొద్దుటి షిఫ్టు వాళ్ళు ఎక్కుతారు. తెల్లవారుజాము నుంచీ ఆ రెండు గుంపుల మధ్య కుల్సుంబీ చెయ్యి ఆగేది కాదు. సరిగ్గా అదే ఫజర్ నమాజు వేళ. నిలబడి, వంగి, నుదురు నేలకి ఆనించి లేచే ఒక వరుసని రకాతు అంటారు. ఫజర్‌లో ముందు రెండు రకాతులు సున్నత్, తర్వాత రెండు ఫర్జ్. ఫర్జ్ తప్పనిసరి. సున్నత్ మనిషి ఇష్టంగా చదువుకునేది. కానీ ఆ రెండు రకాతులూ లోకంలోని సమస్తం కంటే విలువైనవని పెద్దలు చెబుతారు. కుల్సుంబీకి దొరికేది ఐదు నిమిషాలు. గిన్నెలు తోమే చిన్నతల్లి చేతికి గరిటె అందించి, పాక వెనక్కి పరుగెత్తి, పొద్దు పొడిచేలోగా ఫర్జ్ ముగించేది. సున్నత్ మిగిలిపోయేది.

మసీదు హజ్రత్ గారి భార్యని అడిగితే, "సూర్యుడు బాగా పైకొచ్చాక, మధ్యాహ్నం కాకముందే చదువుకో తల్లీ, మంచిదే" అంది. అప్పటినుంచీ రోజూ తొమ్మిదింటికి, గుంపు పలచబడ్డాక, చేతులకంటిన పిండి కడుక్కుని, నమాజుకి ముందు మొహం కాళ్ళు చేతులు కడుక్కునే వుజూ చేసుకుని, పాక వెనక చాప పరిచి ఆ రెండు రకాతులు చదువుకునేది. ఒక్కరోజు మానలేదు.

అత్తకి మాత్రం అది ఆనలేదు. "పొద్దెక్కాక సదివిన నమాజు సద్దికూడులాటిది. కడుపైతే నిండుతాది గానీ, వేడన్నం అవుతాదా?" అనేది. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. "అదుగో, సఫియాని సూడు. మసీదులో బాంగు ఇవ్వకముందే లేస్తాది. ఆ పిల్ల మొకంలో నూరు సూడు" అని ముగించేది.

సఫియా మొహంలో నిజంగానే వెలుగుండేది. కుల్సుంబీకి ఒళ్ళు మండేది అందుకే. మొగుడు పర్మినెంటు ఉద్యోగి, పొద్దున్న పొయ్యి అంటించాల్సిన తొందర లేదు. తెల్లటి దుపట్టా కప్పుకుని తీరిగ్గా నుదురు నేలకి ఆనించి సజ్దా చేస్తే ఎవరి మొహమైనా వెలుగుతుంది. వీధిలో ఆడపిల్లలంతా ఖురాను చదువుకోడానికి ఆమె దగ్గరికే వచ్చేవారు. కుల్సుంబీ దగ్గరికి ఇడ్లీల కోసం వచ్చేవారు.

రెండు వాటాలకీ మధ్య ఒంటి ఇటుక గోడ. నాలుగున్నరకి అవతల కుళాయి తిప్పిన చప్పుడు వినిపించేది. సఫియా వుజూకి లేచింది! ఆ చప్పుడు వినగానే, ఇడ్లీ రేకుల మీద గుడ్డ పరుస్తున్న కుల్సుంబీ పళ్ళు బిగుసుకునేవి. ఒకసారి పంతం పట్టి గంట ముందే లేచి, పనంతా ముగించి, సున్నత్ వేళకే చదవాలని చూసింది. నాలుగో రోజుకి నిద్రచాలక పొయ్యి దగ్గర తూలి, మరుగుతున్న నీళ్ళు పాదం మీద ఒలకబోసుకుంది.

"ఎవులితోటి పోటీ అప్పా ఇది?" అంది చిన్నతల్లి, పాదానికి తడిగుడ్డ చుడుతూ.

"దేవుడితోటి నాకు పోటీ ఏటే!" అని కసిరింది కుల్సుంబీ.

"దేవుడితోటని నానన్లేదు" అంది చిన్నతల్లి.

మొన్న వానాకాలంలో ఒక తెల్లవారుజామున కుళాయి చప్పుడు కాలేదు. కుల్సుంబీ చెవి గోడవైపు పెట్టింది. లేదు. మరుసటి రోజూ లేదు. ఆడదానికి నెలకి కొన్నాళ్ళు నమాజు లేని రోజులుంటాయని ఆమెకి తెలుసు. సఫియాకి అవి ఆరు రోజులని కూడా తెలుసు. అన్నేళ్ళుగా వింటున్న చెవులవి. కానీ ఏడో రోజూ, ఎనిమిదో రోజూ గోడ అవతల నిశ్శబ్దమే. తొమ్మిదో రోజున కుల్సుంబీ గుండెలో పండగలాంటిది మొదలైంది. అత్తకి టీ ఇస్తూ, గోడకి వినిపించేంత గొంతుతో, "నీ నూరు కోడలు దుప్పటి ముసుగెట్టి తొంగుంటన్నాదత్తా ఈ మజ్జిన. సద్దికూడు కూడా లేదక్కడ" అంది, నవ్వుతూ.

కుల్సుంబీకి ఆరోజు ఇడ్లీలు పువ్వుల్లా వచ్చాయి.

పన్నెండో రోజున పండగ పలచబడింది. ఇదేదో బద్ధకం కాదని లోపల ఎవరో అన్నట్టయింది. పదిహేడో రోజున పెరట్లో బట్టలారేస్తూ సఫియా దండెం కర్ర పట్టుకుని నిలబడిపోవడం చూసింది. పెదాలు పాలిపోయి ఉన్నాయి. 'అడగాలి' అనుకుంది. అడిగితే తను మంచిది కావాలి, ఆమెమీద జాలిపడాలి. ఇన్నేళ్ళ మంటని ఒక్క మాటతో వదులుకోవాలి. అడగలేదు. పద్దెనిమిది, పంతొమ్మిది, ఇరవై కూడా అలాగే గడిచాయి. ఆ లెక్క ఇంకెవరికీ తెలియదు. మౌలాలి షిఫ్టులకి పోయి వచ్చి పడుకునేవాడు. అత్తకి చూపు ఆనదు.

ఇరవయ్యొకటో రోజు పొద్దున్న ఇడ్లీ పాత్ర పొయ్యిమీద వదిలేసి, "సూసుకోయే" అని చిన్నతల్లికి చెప్పి, అవతలి వాటా తలుపు తట్టింది. సఫియా గోడ పట్టుకుని వచ్చి గడియ తీసింది.

"ఒసే, ఎన్నాళ్ళయిందే?"

"ఏటప్పా?"

"ఇరవయ్యొక్క రోజులు. నువ్వు కుళాయి తిప్పి."

సఫియా కళ్ళు పెద్దవయ్యాయి. "నీకెలాగ తెలుసప్పా?" అని అడిగి, జవాబు వినకుండానే గడపలో కూలబడింది. ఆమె వెనక చాప మీద పాత గుడ్డలు కుప్పగా ఉన్నాయి.

మౌలాలిని లేపి వెంటబెట్టుకుని, ఆటోలో విజయనగరం ఆస్పత్రికి తీసుకుపోయింది కుల్సుంబీ. ఒంట్లో రక్తం సగానికి సగం లేదన్నారు. రక్తం పోతున్నది ఎప్పటినుంచని డాక్టర్ అనూరాధ అడిగితే మౌలాలి కుల్సుంబీ వైపు చూశాడు. కుల్సుంబీ మొదటి రోజు తారీకుతో సహా చెప్పింది.

"ఇంత కచ్చితంగా ఎవరూ చెప్పరు. ఇంకో వారం ఆగి ఉంటే మనిషి దక్కేది కాదు" అంది డాక్టరు. సఫియా వైపు తిరిగి, "మంచి అక్క ఉందమ్మా నీకు" అంది.

కుల్సుంబీ కిటికీలోంచి బయటికి చూసింది. పాదం మీద నీళ్ళు పడ్డప్పుడు కూడా అంత కాలలేదు.

గర్భసంచిలో గడ్డలున్నాయని, రక్తం ఎక్కించి, ఆపరేషన్ చేశారు. పదహారేళ్ళలో మొదటిసారి పాక తొమ్మిది రోజులు మూతపడింది. సఫియా పక్కన కూర్చుని గంజి తాగించింది, తల దువ్వింది. అక్కడా మంట వదల్లేదు. అత్త ఫోన్లో ఏడుస్తూ, "నా బంగారు తల్లి ఎలాగున్నాది?" అని సఫియానే అడిగేది.

ఒకరోజు సఫియా హజ్రత్ గారి భార్యతో ఫోన్లో మాట్లాడి ఏడవడం మొదలుపెట్టింది. మామూలు రోజులు దాటాక వచ్చే రక్తం జబ్బు కిందే లెక్కట. స్నానం చేసి నమాజు చదువుకోవాల్సిందట. ఆ సంగతి తెలియక మానేసింది. ఆ రోజుల ఫర్జ్ నమాజులన్నీ ఇప్పుడు కజా చదివి తీర్చుకోవచ్చు. కానీ ఫజర్ సున్నత్ ఏ రోజుది ఆ రోజు మధ్యాహ్నం లోపే. దాటితే పోయినట్టే.

"నీది ఒక్కటీ పోలేదప్పా" అంది సఫియా. "ఏ రోజుది ఆ రోజే సదువుకున్నావు. నాకే పోయాయి."

ఆ చూపు కుల్సుంబీకి బాగా తెలుసు. అన్నేళ్ళుగా తన కళ్ళతో తను సఫియాని చూసిన చూపే. ఒక్క క్షణం అది ఎంత తియ్యగా ఉందంటే, ఆమె తలదించుకుంది. నోట్లోంచి మాట దానంతటదే వచ్చేసింది.

"నానొక మాట సెప్తాను, తిట్టుకుంటే తిట్టుకో. పన్నెండో రోజుకే నాకు అనుమానం వచ్చినాదే. సెప్పకుండా ఊరుకున్నాను."

సఫియా దుప్పటి మెడదాకా లాక్కుంది.

"గోడ నాకూ ఇనిపిస్తాదప్పా" అంది. "అత్తతోటి నువ్వు నవ్వుతా అన్నది ఇన్నాను. అందుకే ఎవులికీ సెప్పలేదు. సెప్తే ఇంకా నవ్వుతావనుకున్నాను."

కుల్సుంబీ లేచింది. గంజి గిన్నె పట్టుకెళ్ళి కుళాయి కింద కడిగింది. కడిగిందే కడిగింది. తిరిగి వచ్చేసరికి సఫియా పక్కకి జరిగి మంచం చివర చోటిచ్చింది. క్షమించానని అనలేదు. కుల్సుంబీ అడగనూ లేదు. ఆ చివరే కూర్చుని ఆమె కాళ్ళు ఒత్తింది.

రెండు నెలలకి సఫియా లేచి తిరగసాగింది. బరువులెత్తకూడదు. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతోందని పాకకి వచ్చి చట్నీ పని అందుకుంది. తొమ్మిదింటికి ఇద్దరూ పాక వెనక రెండు చాపలు పరుస్తారు. కుల్సుంబీ తన రెండు రకాతులు చదువుకుంటుంది. సఫియా పోయిన రోజుల ఫర్జ్‌లు పూటకి కొన్ని చొప్పున తీర్చుకుంటోంది. చాప మీంచి ముందు లేచి పొయ్యి దగ్గరికి వచ్చేది ఎప్పుడూ కుల్సుంబీయే. ఆ సంగతి కూడా ఆమె గమనించకపోలేదు.

మొన్న కొలిమి దగ్గర పనిచేసే ఎర్రన్న నాలుగు ఇడ్లీలు తిని, మళ్ళీ రెండు పెట్టించుకుని, వేళ్ళు నాక్కుంటూ, "కుల్సుమప్పా, ఈ మజ్జిన సట్నీ అదిరిపోతన్నాది. పదహారేళ్ళ బట్టీ తింటన్నాను, ఇలాటి సట్నీ ఎప్పుడూ ఎరగను. ఎవులు సేస్తన్నారు?" అన్నాడు.

కుల్సుంబీ గరిటె అందుకుంది.

"మా సెల్లి" అంది, గిన్నెలోంచి ఇంకో గరిటెడు చట్నీ అతని ఆకులో వేస్తూ. వేసిన తీరుకి సగం అతని చొక్కా మీద పడింది.