మంచు దాకా అన్నయ్యతో

వీధిలో అందరూ ఆమెను మిషనక్క అనేవారు. మెట్ల కింద ఇరుకు గది, అందులో కుట్టుమిషను, గోడకు వేలాడే సగం కుట్టిన జాకెట్లు, కాళ్ళ దగ్గర గుడ్డపీలికల గుట్ట. వయసు యాభైకి దగ్గరపడుతున్నా ఆ గది దాటి ఆమె చూసిన లోకం దారాల కొట్టు, బట్టల బజారు, అంతే. ఒకరోజు ఒక టీచరమ్మ దళసరి కోటు తెచ్చి నడుము దగ్గర బిగించమంది. మంచు కొండల మీదికి వెళ్ళొచ్చిందట. ఇంత బరువు గుడ్డ వేసుకుంటే తప్ప ఆగని చలి ఎలా ఉంటుందని మిషనక్క అడిగింది. చెప్తే అర్థం కాదు, వెళ్ళి చూడాల్సిందేనంది టీచరమ్మ. ఆ మాట మిషనక్క బుర్రలో తిష్ట వేసింది.

రెండేళ్ళపాటు కూడబెట్టింది. ఒక్కతే వెళ్తానంటే ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదు. చివరికి అన్నయ్య తోడొస్తానన్నాడు. పోస్టాఫీసులో చేసి రిటైరైన మనిషి. జేబులోంచి పైసా తియ్యాలంటే ప్రాణం పోయినట్టు విలవిల్లాడతాడు. తన చార్జీలు తనే పెట్టుకుంటాడట కానీ, ఖర్చుల పెత్తనం మొత్తం తనకే వదిలెయ్యాలట. బయట సంగతులు తెలీని మనిషిని నిలువునా ముంచేస్తారన్నాడు. అన్న మాటకు ఎదురు చెప్పడం చిన్నప్పటినుంచీ ఆమెకు అలవాటు లేదు. డబ్బు సంచీ అతని చేతికిచ్చింది.

తప్పు అక్కడే జరిగింది. రైలు దిగేసరికి నేరుగా కొండ మీది ఊరికి వెళ్ళే బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. దాన్ని కాదని, చవకగా వస్తుందని, సగం దూరమే వెళ్ళే బస్సు ఎక్కించాడు అన్నయ్య. ప్రతి మలుపుకీ ఆమె కడుపులోది గొంతులోకి వచ్చింది. తీరా దిగేసరికి అక్కణ్ణుంచి పైకెళ్ళే ఆఖరి బస్సు కాస్తా వెళ్ళిపోయింది. టికెట్లో మిగిలిందంతా ఆ ఊళ్ళో బసకే పోయింది. ఒక రోజు వృథా. అన్నయ్య మాత్రం బస్సులవాళ్ళను తిట్టుకుంటూ కూర్చున్నాడు.

మర్నాడు పై ఊరు చేరారు. ఆడవాళ్ళందరికీ కలిపి ఒకే గది ఉన్న సత్రం లాంటి చోట ఆమెకు మంచం దొరికింది. రెండో రగ్గు కావాలంటే వేరే అద్దె అన్నారు. ఆమె నోరు తెరిచేలోపే అక్కర్లేదని అన్నయ్య చెప్పేశాడు. తెల్లారేదాకా ఆమె మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని పళ్ళు కొరుకుతూ పడుకుంది. చలికి కొంత, కోపానికి కొంత.

పొద్దున్నే జీపులు ఆగేచోటికి వెళ్ళారు. మంచు దాకా తీసుకెళ్ళి తెస్తామన్నారు. కాలిబాట ఉండగా జీపెందుకన్నాడు అన్నయ్య. ఏళ్ళ తరబడి మిషను తొక్కిన మోకాళ్ళు ఆమెవి. జీపెక్కుదామని మెల్లగా అంది. అతను అప్పటికే ముందు నడుస్తున్నాడు.

చాలాసేపు ఎక్కారు. ఒక మలుపు తిరగ్గానే కాస్త ఎత్తున తెల్లగా మంచు కనిపించింది. వెనక్కి చూస్తే, దారిలో ఎప్పుడో వెనకబడ్డ అన్నయ్య రాతి మీద కూలబడి ఉన్నాడు. పెదాలు పాలిపోయాయి, ఊపిరి అందడం లేదు. ఆమెకు భయం వేసింది, ఒళ్ళూ మండింది. మంచు వైపు ఒకసారి చూసి, అన్నయ్య దగ్గరికి దిగింది.

బాట పక్కనే పోయే రోడ్డు మీద, పైనుంచి వస్తున్న జీపు ఆగింది. పొద్దున వాళ్ళు వద్దన్న జీపే. వచ్చిన మర్నాడే ఇలా ఎక్కకూడదని డ్రైవరు మందలించి, ఇద్దర్నీ ఎక్కించుకుని కిందికి దింపాడు. డబ్బు తీసుకోలేదు.

టీ తాగి పడుకున్నాక సాయంత్రానికి అన్నయ్య ముఖం తేరుకుంది. లేస్తూనే అన్నాడు: "చూశావా, జీపు డబ్బులు మిగిలాయి."

"ఎవరికి మిగిలాయి అన్నయ్యా?" అంది ఆమె. "నా సంచీ ఇటివ్వు."

అతను తెల్లబోయాడు. రేపొద్దున్నే తిరుగు బస్సని, టికెట్లు కొనేశానని, అవి వాపసు తీసుకోరని గుర్తు చేశాడు.

"నువ్వెళ్ళు. కిందికి దిగిపోవడమే నీకు మంచిదని డ్రైవరు కూడా అన్నాడు. నేను ఎల్లుండి వస్తా."

"ఒక్కదానివా? మీ వదినకి ఏమని చెప్పను?"

"చెల్లెలు జీపెక్కిందని చెప్పు."

మర్నాడు అతన్ని కిటికీ పక్క సీట్లో కూర్చోబెట్టి, మంచినీళ్ళ సీసా చేతికిచ్చి బస్సు దిగింది. అతను ముఖం తిప్పుకున్నాడు. బస్సు కదిలాక ఆమె తన సంచీ చంకలో పెట్టుకుని వెళ్ళి జీపెక్కింది.

తీరా చూస్తే రోడ్డు పక్క మంచు బురదలో కలిసి, టైర్ల కింద నలిగి నల్లబడి ఉంది. కాగితం కప్పులు కూరుకుపోయి ఉన్నాయి. దీనికోసమా రెండేళ్ళు, అనుకుంది. మోకాళ్ళు మొరాయిస్తున్నా గట్టు ఎక్కి అవతలికి దిగింది. అక్కడ ఎవరి అడుగూ పడలేదు. ఎటు చూసినా తెలుపు, చప్పుడన్నది లేదు. చేతులు అందులో దూర్చింది. సూదిపోట్లకు మొద్దుబారిన వేళ్ళు కూడా జివ్వుమన్నాయి. అయినా మనసు కుదురుగా నిలవలేదు. రగ్గు గురించి, బస్సు గురించి, అప్పుడు అనకుండా మింగేసిన మాటలన్నీ అన్నయ్యతో ఇప్పుడు అంటూనే ఉంది. అంత దూరం వచ్చి, దొరికిన కాస్త సమయమూ ఆ పోట్లాటకే పోయింది. జీపు హారన్ మోగింది. అప్పుడు ఆమెకు తన మీద తనకే చిరాకేసింది.

ఊరొచ్చాక అన్నయ్య చాలాకాలం ఆమె గడప తొక్కలేదు. ఒక మధ్యాహ్నం చొక్కా గుండీ ఊడిందని వచ్చాడు. ఆమె గుండీ కుడుతుంటే అటూ ఇటూ చూసి, జీపుకి ఎంతయిందని అడిగాడు. చెప్పింది.

"మోసపోయావు," అన్నాడు.

"ఈసారి రెండు రోజులుంటాను," అంది ఆమె దారం పళ్ళతో తెంపుతూ.

ఎవరితో వెళ్తావని అతను అడగలేదు. చొక్కా తొడుక్కుని, గుండీ గట్టిగానే ఉందన్నాడు.