నూనె డబ్బాకు కోసిన కంతలు

రెజిమెంటల్ బజార్‌లో కోళ్ల దాణా వాసన తగిలితే ఇప్పటికీ నా తల వంగిపోతుంది.

లాలాగూడలో మా అమ్మమ్మ పెంచే పిల్లలకోడి, వేసిన దాణానంతా కాళ్లతో చిమ్మేసేది. అది దుబారా అనుకుని, పదేళ్ల నేను నూనె డబ్బాకు కోడి మెడ ఎత్తులో దాని తల పట్టేంత కంతలు కోసి, దాణా అందులో పోశాను.

"ఒక్క గింజ సుత కింద పడ్తలేదు! నా బిడ్డ మస్తు హుషారు," అని అమ్మమ్మ వాడంతా చెప్పుకుంది.

నాలుగో రోజుకు రెండు పిల్లలు చచ్చిపోయాయి.

"ఏం రోగమొచ్చెనో ఏందో," అంటూ అమ్మమ్మ గుప్పెడు నూకలు నేలమీద చల్లింది. తల్లికోడి పిలుస్తూ వాటిని కాళ్లతో చిమ్మింది. మిగిలిన పిల్లలు పరుగెత్తుకొచ్చి ఏరుకుతిన్నాయి. అది చిమ్మేది వాటి కోసమేనని, నా కంతలు వాటికి అందలేదని అప్పుడు అర్థమైంది.

ఆ సంగతి అమ్మమ్మకు చెప్పనేలేదు. అమ్మమ్మ పోయేదాకా వచ్చినవాళ్లందరికీ ఆ డబ్బా చూపించి మురిసిపోయేది.