నల్లగానే ఉండిపోయిన గాజుపలకలు

ఈ దీవిలో ఎయిర్‌పోర్టు పక్కనే ఉన్న లంబాలైన్ పేటలో, నా అద్దె గది మీదుగానే విమానాలు దిగేవి. మొదట్లో ఆ మోతకు విసుక్కునేదాన్ని. తర్వాత పైకి లేచే ప్రతి విమానాన్నీ చూసి కుళ్లుకోవడం మొదలైంది.

మెయిన్‌లాండ్ ల్యాబ్ వాళ్లు నన్ను ఇక్కడికి పంపింది వాన కోసం. మేము చేసే సోలార్ సెల్‌లో పెరోవ్‌స్కైట్ అనే పదార్థం పల్చటి నల్లటి పొరగా ఉంటుంది. కర్బనం కలవని రకం కాబట్టి వేడికి బాగానే తట్టుకుంటుంది, ఎండలో కరెంటు చక్కగా ఇస్తుంది. తేమ తగిలిందా, పసుపు రంగుకు తిరిగి చచ్చుబడిపోతుంది. అంచులకు కొత్త రకం సీలు వేసిన నాలుగు గాజుపలకలు డాబా మీద పెట్టాను. ఈ వానల్లో అవి నల్లగా నిలబడితే నన్ను వెనక్కి పిలుస్తారు.

పగలు ఆఫీసు. సాయంత్రం డాబా ఎక్కి మీటరు పెట్టడం. ఆ తర్వాత కింద గదిలో ఒక్కదాన్నే అన్నం. డాబా పక్క గదుల్లో ఉండే ఇంటావిడ పలకరించినా ముక్తసరిగా జవాబిచ్చేదాన్ని. వెళ్లిపోయే మనిషికి చుట్టరికాలెందుకు అనుకునేదాన్ని.

వానలు కుండపోతగా పడ్డాయి. పలకలు మాత్రం నిగనిగలాడుతూనే ఉన్నాయి. ల్యాబ్‌లో మా సార్‌కి ఫోన్ చేసి గొప్పలు పోయాను. ఆయన టికెట్ చూసుకోమన్నారు.

ఒక ఆదివారం వాన మొదలవగానే, నా పలకలు తడుస్తుంటే కళ్లారా చూద్దామని పైకి పరుగెత్తాను. స్టాండు ఖాళీగా ఉంది. ఇంటావిడ వంటగదిలో, ఎండుచేపల చాట పక్కన, పాత చీరముక్క మీద నాలుగు పలకలూ ఉన్నాయి.

“దీదీ, ఇవెందుకు తీశారు?” నా గొంతు నాకే కీచుగా వినిపించింది.

“బారిష్ వచ్చింది కదా బేటీ! చేపలు తీసినాను, నీవి కూడా తీసినాను. రాత్రయినా పగలైనా వానొచ్చినప్పుడల్లా తీస్తాను, వెలిసినాక మళ్లీ పెట్టేస్తాను. ఎవులివైనా తడిసిపోతుంటే ఒగ్గేస్తామేటి?”

ఇక్కడ అందరూ అంతే. వానొస్తే బయటున్నవి ముందు లోపలికి రావాలి, ఎవరివన్నది తర్వాత సంగతి. నాకు ఒళ్లు మండిపోయింది. చెడామడా అరిచి, పలకలు తీసుకెళ్లి వానలో పెట్టాను.

కొన్నాళ్లకే అంచుల నుంచి పసుపు పాకింది. సార్‌కి ఫోన్ చేసి అంతా చెప్పాను. ఇంకో సీలుతో మళ్లీ మొదలుపెట్టమన్నారు. డాబా మీదే కూలబడి ఏడ్చాను. తల మీదుగా విమానం ఒకటి వెళ్లిపోయింది.

ఫోన్‌లో నా మాటలు విన్నట్టుంది, ఇంటావిడ వచ్చి పక్కన నిలబడింది. నేను అరిచినప్పటి నుంచి మా మధ్య మాటల్లేవు.

“అయితే ఇప్పుడు వెళ్లవేటి?”

“వచ్చే వానాకాలం అయ్యేదాకా వెళ్లలేను.”

ఆవిడ మొహం విప్పారింది. కొంగు అడ్డం పెట్టుకుంది గానీ నేను చూశాను. నేను ఉండిపోతున్నందుకు సంతోషించే మనిషి ఒకరున్నారని అప్పుడే తెలిసింది. ఏడుపు ఇంకా ఎక్కువైంది.