అత్త పాడని దీపావళులు

మొన్న రాయపూర్ స్టేషన్ నుంచి మా గుఢియారీ పేటకు ఆటోలో వస్తుంటే డ్రైవరు ఫోనులో చిలుక పాట పెట్టాడు. డప్పుల మోత కొత్తగా కలిపారు గాని, గొంతు మా మేనత్తది. "అసలైన ఛత్తీస్‌గఢీ గొంతు, సాబ్! బయటివాళ్లు ఇలా పాడగలరా?" అన్నాడతను హిందీలో, అద్దంలోంచి నన్ను చూస్తూ. ఆమెది శ్రీకాకుళం జిల్లా అని చెప్పబోయాను. ఇంతలో మా సందు వచ్చింది, దిగిపోయాను. ఆ మాట చెప్పబోయి మింగేయడం నాకు చాలా ఏళ్లుగా అలవాటే.

అత్త పెళ్లై ఇక్కడి రైల్వే క్వార్టర్లకు వచ్చేనాటికి ఆమెకు హిందీ ముక్క రాదు. దీపావళి ముందు ఇరుగుపొరుగు ఆడవాళ్లు బుట్టలో వడ్లు పోసి, పైన మట్టి చిలుకను పెట్టి, ఇంటింటి ముందూ దాని చుట్టూ తిరుగుతూ పాడేవారు. వాద్యాలుండవు, చప్పట్లే. ఒక జట్టు చరణం అంటే, రెండో జట్టు వంగి దాన్నే తిరిగి అనాలి. అత్తింట్లో ఎవరికీ చెప్పుకోలేని కష్టాన్ని చిలుకతో చెప్పుకునే పాటలవి. కూరగాయలు బేరమాడడం రాకముందే అత్తకు అవి వచ్చేశాయట. నాకు ఊహ తెలిసేసరికి మా కుటుంబమూ అదే వీధిలో ఉండేది, మొదటి జట్టులో పాట ఎత్తుకునేది అత్తే. ఇంట్లో మమ్మల్ని శ్రీకాకుళం యాసలో తిట్టి, గుమ్మం దాటగానే వీధిలో అందరికీ 'కాకీ', అంటే పిన్ని, అయిపోయేది.

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడిన కొత్తలో అందరికీ ఒక్కసారిగా 'మన పాట' కావలసివచ్చింది. రాయపూర్‌లో సందు సందుకూ క్యాసెట్ కంపెనీ వెలిసింది. నేను పనిచేసిన కంపెనీ యజమాని అంతకుముందు స్టీలు సామాన్లు అమ్మేవాడు. పాటను కూడా వేలితో కొట్టి చూసి కొనే రకం. అత్తను అక్కడికి నేనే తీసుకెళ్లాను. గోడలకు గుడ్ల అట్టలు అంటించిన, కిటికీ లేని గది. శబ్దం పడుతుందని ఫ్యాను కూడా ఆపేశాం. "చిలకేదిరా అబ్బాయ్?" అంది. లేదన్నాను. కాళ్లు ఊరుకోక మైకు చుట్టూ తిరగబోయింది. గొంతు అందడం లేదని భుజాలు పట్టుకుని నిలబెట్టాను. "గుంజకి కట్టీసిన గేదిలాగున్నాన్రా" అని నవ్వి, చెమటలు కక్కుతూ పాడింది. రెండో జట్టు తిరిగి పాడే చరణాలు ఉంటే పాట మరీ పొడవైపోతుందని వాటిని తీసేసి, ఆ చోట్ల కీబోర్డు వాయించాం. అట్ట మీద ఆంధ్రా పేరుంటే ఎవరు కొంటారని యజమాని గొణిగాడు. వేరే పేరు వేద్దామనీ, వీడియోలో ఇక్కడి అమ్మాయిని పెడదామనీ అన్నది మాత్రం నేను. ఇంట్లో ఆ మాట యజమానిదని చెప్పాను. నిజానికి ఆయన అప్పటికింకా గొణుగుతూనే ఉన్నాడు.

పాట ఊరంతా మోగింది. ఆ అమ్మాయిని సభలకు పిలిచేవారు. ఆమె పెదాలు కదిపితే టేపు పాడేది. "అచ్చం నీ గొంతే, కాకీ" అని మా వీధివాళ్లు అంటుంటే నేను మాట మార్చేవాణ్ని. దీపావళికి నలుగురిలో పాడితే బయటపడిపోతుందని అత్త దగ్గరికి వెళ్లాను. "ఈ ఒక్క ఏడూ పాడకు అత్తా, నా ఉద్యోగం పోతుంది." ఆమె చేటలో బియ్యం ఏరుతోంది. "నీ కూడు కొట్టీసి నానేటి పాడతాన్రా" అంది తలెత్తకుండానే. ఆ దీపావళికి బుట్ట చుట్టూ పెదాలు బిగించుకుని, చప్పట్లు మాత్రం కొడుతూ తిరిగింది. "కాబర్ చుప్ హస్, కాకీ?" ఎందుకు ఊరుకున్నావని పక్కింటామె అడిగితే, గొంతు బాగోలేదంది. మరుసటి ఏడు నేను వద్దనలేదు, పాడమనీ అనలేదు. ఆమె నా ముఖం వంక చూసింది. నేను వంగి బూటు లేసు కట్టుకున్నాను. అలా ఏళ్లు గడిచాయి. చివరికి చప్పట్లకు కూడా వెళ్లడం మానేసింది.

అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక కంపెనీ మూతపడింది. ఇక దాచవలసింది లేదు. దీపావళి ముందు వెళ్లి, "ఇప్పుడు పాడుకో అత్తా" అన్నాను, ఏదో వరమిస్తున్నవాడిలా. "పర్మిసనొచ్చిందేటి?" అని ఒక చూపు చూసి, లోపలికెళ్లి చీర మార్చుకుని వచ్చింది. పాత జట్టులో చాలామంది లేరు. వాళ్ల కోడళ్లూ మనవరాళ్లూ వచ్చారు. అత్త గొంతు సన్నబడింది గాని తొణకలేదు. మొదటి చరణం పాడి, రెండో జట్టు కోసం ఆగింది. ఎవరూ అందుకోలేదు. ఆ పిల్లలందరూ ఆ పాటను మా వీడియో చూసి నేర్చుకున్నవాళ్లు. "ఇహాఁ మ్యూజిక్ ఆథే, దాదీ." ఇక్కడ మ్యూజిక్ వస్తుందని ఒకమ్మాయి మర్యాదగా చెప్పింది.

అత్త నా వైపు చూడలేదు. బుట్ట దాటి రెండో జట్టు నిలబడే చోటికి నడిచి, వంగి, తన చరణాన్ని తనే తిరిగి పాడింది. మళ్లీ ఇవతలికి వచ్చి తర్వాతి చరణం ఎత్తుకుంది. పాట అయ్యేదాకా అలా అటూ ఇటూ నడుస్తూనే ఉంది. నేను అడిగింది ఒక్క దీపావళే. పాట కూడా ఆమెతోపాటు అక్కడే ఆగి ఉంటుందనుకున్నాను. ఆగి ఉన్నది ఆమె ఒక్కతే. ఏళ్లు ఎవరి అనుమతీ అడక్కుండా వెళ్లిపోయాయి.