గురుమూర్తికి చప్పుడు పడదు

గురుమూర్తికి చప్పుడంటే పడదు. ఉరుము ఉరిమినా ఆకాశం వైపు గుర్రుగా చూసి "ఉష్!" అనే మనిషి.

రెండు వేల ఐదులో మదనపల్లెలోని ఒక పాల కంపెనీలో ఆయన ఉద్యోగం. పనివాళ్ల కోసం కంప్యూటర్లో పాఠాలు తయారుచేసేవాడు. బొమ్మలు ఆయనవి, గొంతు అదే ఆఫీసులో పనిచేసే యమునది. రికార్డింగు మొదలైతే యమునకు తపస్సే. ఫ్యాను ఆగిపోవాలి. గాజులు తీసి బల్ల మీద పెట్టాలి.

"ఊపిరన్నా తీసుకోనీండి సార్!"

"తీసుకోమ్మా. మైకుకు తెలీకుండా తీసుకో."

ఒకరోజు రికార్డింగు మధ్యలో ఆఫీసు పక్కింట్లో కుక్కరు కూత పెట్టింది. గురుమూర్తి చెప్పుల్లేకుండా పరుగెత్తి, వాళ్ల వంటింట్లో దూరి స్టవ్ ఆపేశాడు. ఆ ఇంటావిడ రామక్క గరిటె పట్టుకుని ఎదురొచ్చింది.

"ఏమప్పా, మా అన్నం ఉడకొద్దా?"

"ఉడకనీక్కా. సప్పుడు లేకుండా ఉడకనీ!"

మేనేజరు ముద్దుకృష్ణకు సంగీతం పిచ్చి. "పాఠం ఎనక వీణ ఉండాలప్పా. లేకుంటే సావింట్లో కూర్చున్నట్టుండాది" అని పట్టుబట్టి, పాల క్యాన్లు కడిగే పాఠానికి వీణ పెట్టించాడు. దాన్ని కుప్పం పాల కేంద్రంలో అందరికీ వినిపించారు. వారం తర్వాత యమున అక్కడికెళ్లి పనివాడు దాసప్పను అడిగింది.

"క్యాన్లు కడిగే సోడా నీళ్లు చేతి మీద పడితే ఏం చేయాలన్నా?"

"అది గుర్తులేదమ్మా. ఆ వీణ మాత్రం శానా బాగుండాది" అంటూ దాసప్ప ఆ రాగమంతా ఈల వేసి వినిపించాడు.

పుంగనూరులో క్యాన్లు కడిగే పాపమ్మ అదే పాఠం రెండుసార్లు విన్నా ఒక్క ప్రశ్నకూ జవాబు చెప్పలేకపోయింది. "ఈసారి తప్పితే ఇంటికి పంపేస్తా" అన్నాడు ముద్దుకృష్ణ.

ఆ మాట చెవిన పడగానే గురుమూర్తి పుంగనూరు వెళ్లి పాపమ్మతో మాట్లాడి వచ్చి, పాఠంలోంచి వీణ పీకేశాడు. తెర మీది వాక్యాలన్నీ తీసేసి బొమ్మలు మాత్రం ఉంచాడు. "కంటికి బొమ్మ సాలు, చెవికి నీ మాట సాలు. అన్నీ ఒకేసారి మీద పడితే మనిషి యాడికి పోతాడు?" అని యమున చేత ఒక్కో ముక్క చెప్పించి, మధ్యలో ఆగమన్నాడు.

"వీణ యాల పీకినావు?" మేనేజరు మండిపడ్డాడు.

"నాకు సప్పుడు పడదు సార్. అది నా తెగులు."

ఆఫీసంతా పగలబడి నవ్వింది. యమున కూడా నవ్వింది.

యమున, మేనేజరులతో కలిసి మళ్లీ పుంగనూరు వెళ్లి పాపమ్మకు హెడ్‌ఫోన్లు గురుమూర్తే తగిలించాడు. పాఠం అయిపోయాక పాపమ్మ ప్రశ్నలన్నిటికీ టకటకా జవాబు చెప్పింది. ముద్దుకృష్ణ టీ తాగడానికి వెళ్లిపోయాడు.

అప్పుడు పాపమ్మ యమున చెయ్యి పట్టుకుంది. "ఎవురికీ చెప్పాకమ్మా. ఆ మిషన్ల మోతకు నాకు ఎడం చెవి పోయింది, కుడిది అరాకొరా. సదువా, రాదు. చెప్తే పని పోతాదని నోరు మూసుకున్యా. ఈయప్పొక్కడే కనిపెట్టినాడు. బయట పెట్టనని మాటిచ్చినాడు."

యమున వెనక్కి తిరిగి చూసింది. గురుమూర్తి ఏమీ ఎరగనట్టు వైర్లు చుడుతున్నాడు. అంతమంది నవ్వుతున్నా తెగులు తనదేనని ఎందుకన్నాడో ఆమెకు అప్పుడు అర్థమైంది.

"పాఠం బాగుండాదా పాపమ్మా?" అడిగాడాయన.

"శానా బాగుండాది సార్. ఈ పాపకే పడిశెం పట్టినట్టుండాది."

నిజమే, రికార్డింగు రోజు యమున ముక్కు దిబ్బడేసుకుని ఉంది. గురుమూర్తి ముఖం వెలిగిపోయింది.

"ఇన్నావా యమునా! పడిశెం కూడా వినబడినాది! పదపద, మదనపల్లెకు పోయి మళ్లీ మొదట్నించీ రికార్డు చేద్దాం!"