కొండచరియ మీద కమలాపండ్లు

జీపు దిగగానే అర్థమైంది, ఇక్కడ చదునైన నేల దొరకదని. భూటాన్ దక్షిణ కొండలు. చలికాలం మొదలు. ఒకవైపు కొండ, ఒకవైపు లోయ, మధ్యలో ఒక లారీ పట్టేంత రోడ్డు. గమ్‌బూట్లు, పార, గునపం, వైర్‌లెస్ సెట్టు ఇచ్చారు. మా దళానికి పని ఒక్కటే, ఆ రోడ్డు తెరిచి ఉంచడం. అక్కడి రోడ్లు మన సైన్యం వాళ్లే చూసుకునేవారు, నేను అందులో హవల్దార్ని.

ఇప్పుడు నల్లగండ్లలో కాపురం. హైటెక్ సిటీలో ఒక ఆఫీసు భవనానికి సెక్యూరిటీ సూపర్‌వైజర్ని. అక్కడి ఇంజనీరు ఒకతను మొన్న టీ దగ్గర అడిగాడు. "అంకుల్, అంత చిన్న కంట్రీ ఏం జేసి బతుకుతది? టూరిస్టులేనా?"

చెప్పాను. నదుల మీద కరెంటు తీసి మనకే అమ్ముతారు. అది సర్కారు సంపాదన. కొండమీది మనిషికి దక్కేది యాలకులు, ఆలుగడ్డ, కమలాపండు. అవి పల్లానికి దిగితేనే చేతికి డబ్బు. దిగే దారి ఒక్కటే. అతను "అవునా" అని ఫోన్‌లో తల దూర్చాడు. అతని తప్పేం లేదు. అతనికి ఒక రోడ్డు మూస్తే ఇంకో నాలుగు ఉన్నాయి.

ఆ ఏడు కాలం కాని కాలంలో వాన పడింది. ఒక పొద్దున మా శిబిరం పక్క మలుపులోనే కొండచరియ విరిగిపడింది. అవతల పల్లం నుంచి సరుకు కోసం వచ్చిన ఖాళీ లారీలు. ఇవతల ఒక బస్సు, కమలాపండ్ల బుట్టలతో ఒక లారీ. పండ్లు ఒక నడివయసు రైతామెవి. అక్కడ పెద్దావిడను 'ఆమ్' అని పిలుస్తారు. ఆమె తోట పంటంతా ఆ లారీలోనే ఉంది. తడిసిన పండు ఎన్నాళ్లు ఆగుతుంది?

వైర్‌లెస్‌లో కెప్టెన్ గొంతు. "బుల్‌డోజర్ రేపటికి గానీ రాదు. మనుషుల్ని దాటించండి. సరుకు దాటించమంటే దాన్నీ దాటించండి. మళ్లీ వాన పడేలోపు వెనక్కి రావాలి. ఓవర్."

బస్సు జనాన్ని దాటించాం. బుట్టలు దాటించాలేమో అడిగి రమ్మని ఆమ్ దగ్గరికి నా కింది నాయక్‌ను పంపాను. మెదక్ వాడు, కొత్తగా వచ్చాడు. పోయి రాడే! చాలాసేపటికి డ్రైవర్లతో ముచ్చట పెట్టుకుని మరీ వచ్చాడు.

"అడిగిన సాబ్. నోటికి చెయ్యి అడ్డం వెట్టుకొని వద్దన్నది. ఇగ పోదామా? మబ్బు జూడుండ్రి."

"ఎన్నిసార్లు అడిగినావు?"

"ఒక్కసారే. వద్దన్నంక మల్ల ఏమడుగుతం?"

"మీ ఇంటికి చుట్టమొస్తే ఒక్కసారి అడిగి గిన్నె లోపల పెట్టేస్తారా?"

"గది అన్నం సాబ్. ఇది డ్యూటీ."

ఒళ్లు మండింది. ఆ దేశంలో ఏదిచ్చినా ముందు వద్దనడమే మర్యాద. మన మొహమాటానికి అక్క లాంటిది. నేనే పరుగెత్తాను. రెండోసారి అడిగితే చెయ్యి నోటి మీదే ఉంది. మూడోసారి అడుగుతూనే బుట్ట ఎత్తుకున్నాను. ఆమె చెయ్యి తీసింది. "మెల్లగా సాబ్, పండ్లు నలుగుతాయి" అంది హిందీలో. అప్పటికే రెండో బుట్ట ఆమె వీపు మీదికి ఎక్కింది.

వరుస కట్టాం. జవాన్లు, ఆమ్, రెండు వైపుల డ్రైవర్లు. విరిగిన మట్టి మీదుగా బుట్ట చేతులు మారుతోంది. కొండను కనిపెట్టడానికి ఒకణ్ని విజిల్ ఇచ్చి నిలబెట్టాను. నాయక్ అన్నిటికన్నా చెడ్డచోట, సరిగ్గా నడిమధ్యలో నిలబడ్డాడు. "సంత్రాల కోసం సస్తమేమో" అని గొణిగాడే గానీ కదల్లేదు.

సగం దాటాయి. విజిల్ మోగింది. అందరం పరుగెత్తాం. కొండ మళ్లీ విరిగింది. మనుషులెవరికీ ఏమీ కాలేదు. లారీ మాత్రం మిగిలిన బుట్టలతో లోయలోకి పోయింది.

నాయక్ నేల మీద కూలబడ్డాడు. "జర ముందుగాల మొదలువెడితే అన్నీ దాటుతుండె గద సాబ్."

కాదని చెప్పి ఓదార్చుదామనుకున్నాను. కానీ నిజంగానే దాటేవి.

గడువు తీరాక కొండ దిగి, రైలెక్కి సికింద్రాబాద్ వచ్చేశాను. ఏళ్లయింది. మా ఆఫీసు వెనక సెల్లార్ కోసం బండలు పేలుస్తుంటారు. ముందు విజిల్ వేస్తారు. ప్రతిసారీ నేను లేచి నిలబడి ఉంటాను. "మీకు కుదురు లేదు" అంటుంది మా ఆవిడ, ఇంటికొచ్చి చెబితే. లేదు మరి.

నా కళ్ల ముందు ఆ రోజే ఉంటుంది. దుమ్ము అణిగింది. తడి మట్టి మీద కమలాపండ్లు, ఒక్కొక్కటే దొర్లి లోయ అడుగున నదిలో పడుతున్నాయి. నది వాటిని పల్లానికే, సంత ఉన్న వైపే తీసుకుపోతోంది. ఆమ్ అంచున నిలబడి, చివరి పండు మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉంది.