గీరోళ్ళ తీర్పు

మొన్న శుక్రవారం పొద్దున్న మా మేనత్త పోయింది. కలకత్తా న్యూ టౌన్‌లో ఆఫీసుకి బయల్దేరుతుంటే నాన్న ఫోన్ చేసి, "అత్త ఎలిపోయిందమ్మా" అన్నాడు. క్యాబ్‌ని ఖిదిర్‌పూర్‌లో మావాళ్ళుండే కార్పొరేషన్ క్వార్టర్లకి తిప్పించాను. దారంతా ఏడవలేదు. ఆమె కోసం ఏడ్చే మొహం నాకుందా అనిపించింది.

అత్త కార్పొరేషన్‌లో రోడ్లు ఊడ్చేది. డ్యూటీ దిగాక మధ్యాహ్నం కొళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటూ, క్వార్టర్ల పిల్లలందరికీ గీరోళ్ళ కథలు చెప్పేది. గీరోళ్ళంటే రెండు కాళ్ళ మీద నడిచే పిల్లిజాతి. ఓడల డాక్ వెనక ఖాళీ గోదాముల్లో ఉంటారట. మనలాగే వాళ్ళకీ బారసాలలూ పెళ్ళిళ్ళూ ఉంటాయి. కాకపోతే నెత్తురు చిందకుండా ఏదీ జరగదు.

"ఏటనుకున్నారు? ఆళ్ళకి పేరు ఊరికినే ఎట్టరు. పిల్లగుంట తన మొదటి ఎలకని సంపాల. ఆ నెత్తురు మీసాలకి రాసినాకే పేరు," అనేది. ఈడొచ్చిన పిల్లకి తల్లే చెవి అంచు కొరుకుతుంది. పెళ్ళిలో ఇద్దరూ పెద్దల ముందు కలబడతారు. ముందు ఎవరి ముక్కు చీరుకుపోతే జన్మంతా వంట వాళ్ళదే. చెప్తూ చెప్తూ మా మీదికి పంజా విసిరేది. ఒకసారి నా బుగ్గ నిజంగానే గీరుకుపోయింది. "నొప్పెడితేనే గురుతుంటాదే," అని నవ్వి, కొంగుతో తుడిచింది.

మాకు అన్నిటికన్నా నచ్చిన ఆచారం ఒకటుంది. పెళ్ళయ్యాక మొగుడు పెళ్ళాం మీద చెయ్యెత్తితే, జాతంతా కూడి ఆ చేతి గోళ్ళు పీకేస్తుంది. అది చెప్పేటప్పుడు అత్త గొంతు తగ్గేది. మావయ్య ఆమెను బెల్టుతో కొట్టేవాడు, జుట్టు పట్టి గోడకేసి బాదేవాడు. వీధిలో అందరూ విని తలుపులు వేసుకునేవారు. ఆ పెద్దమనుషులంటే నాకిప్పటికీ ఒళ్ళు మంట.

నాకు పదేళ్ళప్పుడు ఒక ఆదివారం మావయ్య ఆమె పన్ను రాలగొట్టి, తాగిన మత్తులో మంచమ్మీద పడిపోయాడు. అత్త మందుల షాపుకి వెళ్ళింది. నేను ఐదుగురు పిల్లల్ని కూడగట్టాను. నలుగురు ఆయన కాళ్ళమీదా చేతులమీదా కూర్చున్నారు. ఒకడు నోట్లో తువ్వాలు కుక్కాడు. మా ఇంట్లోంచి తెచ్చిన నాన్న పట్టకారుతో మావయ్య కుడిచేతి బొటనవేలి గోరు నేను పీకాను. మూడుసార్లు లాగితే గానీ ఊడలేదు. దుప్పటంతా నెత్తురు. రెండో వేలు పట్టుకునేలోపు అత్త వచ్చేసింది.

చీపురు తిరగేసి నన్ను చావబాదింది. "కతే అది! ఒట్టి కతే!" అంటూ ఏడ్చింది. జనం మూగేసరికి మాత్రం పట్టకారు నా చేతిలోంచి లాక్కుని, "నానే పీకీసినాను. ఏటిప్పుడు?" అంది. చిన్నపిల్లల చేతిలో ఓడిపోయానని చెప్పుకోలేక మావయ్యా ఔనన్నాడు.

ఆయన మళ్ళీ ఆమె జోలికి పోలేదు. వీధి మాత్రం ఆమెను వెలేసినంత పని చేసింది. మొగుడి గోరు పీకిన ఆడదాని చేత బొట్టు పెట్టించుకోకూడదన్నారు. ఏ పెళ్ళికీ, ఏ సీమంతానికీ పిలుపు లేదు. నా పెళ్ళిలో కూడా ఆమె పెరట్లో అంట్లు తోముతూనే ఉండిపోయింది. నిజం చెప్పేస్తానంటే మొదట్లో, "నోర్ముయ్యి, రేపు నీకు పెళ్ళవాల" అనేది. పెళ్ళయ్యాక, "అత్తోరింట్లో తెలిస్తే?" అనేది. నా చదువూ ఉద్యోగమూ సంసారమూ ఆమె అబద్ధం పెట్టిన భిక్ష. నేను హాయిగా తిని కూర్చున్నాను.

శుక్రవారం ఆమెకు పసుపు రాసి, నుదుట కుంకం దిద్ది వరండాలో పడుకోబెట్టారు. ముత్తైదువుగా పోయిన మనిషి దగ్గర ఆడవాళ్ళు బొట్టు తీసుకోవాలి. ఒక్కరూ కదల్లేదు.

"పీకింది నేను," అన్నాను. ఎవరికీ అర్థం కాలేదు. అందరికీ వినపడేలా మొదట్నించీ చెప్పాను. మావయ్య తల ఎత్తకుండా, "అది నిజఁవే" అన్నాడు.

పక్కింటి ముసలమ్మ మోకాళ్ళు పట్టుకుని వంగి, అత్త నుదుటి కుంకం వేలికి అద్దుకుని తన నుదుట పెట్టుకుంది. ఆమె వెనక ఇంకొకావిడ. ఆ వెనక ఇంకొకావిడ. అత్తని తీసుకెళ్ళడానికొచ్చిన వ్యాను వీధిలో హారన్ కొడుతూనే ఉంది. ఆడవాళ్ళ వరస మెట్లు దిగి గుమ్మం దాటి రోడ్డు మీదికి వచ్చేసింది.